ఎవరినీ లోపలికి రానివ్వని రోజుల్లో చివరి దశ రోగులకు ఆధ్యాత్మిక సేవ: వార్డు ప్రణాళికలో ఏమేం రాసుకోవాలి?

వార్డు_సమన్వయం అడిగారు:

అందరికీ నమస్కారం. 12 పడకల ఉపశమన చికిత్స వార్డుకీ, దాని తరఫున ఇళ్ళకు వెళ్ళే బృందానికీ కలిపి మహమ్మారి ప్రణాళిక రాసే పని నడుస్తోంది. 2020లో అందరూ తడుముకుంటూ చేసిన పనిని ఈసారి ముందే కాగితం మీద పెట్టుకోవాలన్నది ఉద్దేశం. మందుల నిల్వ, ఆక్సిజన్, పీపీఈ కిట్లు, డ్యూటీ చార్టు, మృతదేహం అప్పగింత, వీటన్నిటికీ పేజీలకు పేజీలు తయారయ్యాయి. "ఆధ్యాత్మిక సేవ" అన్న శీర్షిక కింద మాత్రం ఒకే ఒక్క వాక్యం: "అవసరమైనచో వీడియో కాల్ ఏర్పాటు చేయవలెను."

అది చాలదని చదివిన ప్రతివాళ్ళకీ తెలుస్తోంది. దాని బదులు ఏం రాయాలో తేలడం లేదు. ఈ పని తెలిసినవాళ్ళు కాస్త వివరంగా చెప్పండి.

బంధువులకు ప్రవేశం లేనప్పుడు రోగి మనసులో ఏముందో ఎవరు, ఎప్పుడు, ఏ మాటలతో అడగాలి? రెండు మాటలకే ఆయాసం వచ్చే మనిషిని ఎలా అడగాలి? మతగురువు లోపలికి రాలేకపోతే ఏది ఫోన్‌లో జరుగుతుంది, ఏది నర్సు చేయొచ్చు, ఏది ఎవరూ చేయకూడదు? వీడియో కాల్ చాలాసార్లు ఓదార్పు కన్నా బాధే మిగిల్చిందంటారు, ఎక్కడ చెడుతోంది? ఏ మతమూ లేదనేవాళ్ళకు ఏం చేయాలి?

ఉపశమన_వైద్యం:

మొదటి ప్రశ్న గురించే ఎక్కువ చెప్తాను. మిగతావన్నీ దాని మీదే నిలబడతాయి.

మహమ్మారిలో ఈ సేవ దెబ్బతినేది ఆలస్యం వల్ల. మామూలు రోజుల్లో మంచం పక్కన వారం పది రోజులు మసలితే మాటల్లో మాటగా బయటపడే సంగతులు ఇవి. శ్వాసకోశ వ్యాధి ఆ వారం ఇవ్వదు. పొద్దున మాట్లాడిన మనిషి సాయంత్రానికి బిగుతు మాస్కు కింద ఉంటారు, మర్నాటికి మత్తులోకి వెళ్ళిపోతారు. కాబట్టి వార్డులో చేరిన 24 గంటల్లోపు అడిగేయాలి. "కాస్త తేరుకున్నాక అడుగుదాం" అన్న వాయిదాయే ఇక్కడ అతి పెద్ద పొరపాటు. చేర్చుకునే పత్రంలో అలర్జీల గడి కిందనే దీనికీ ఒక గడి పెట్టండి. గడి ఉంటే ఖాళీ కనిపిస్తుంది, ఖాళీ కనిపిస్తే రాత్రి డ్యూటీవాళ్ళయినా అడుగుతారు.

అడగాల్సింది చేర్చుకునే నర్సు లేదా డాక్టరు. తొలి పలకరింపుకు ప్రత్యేక శిక్షణ అక్కర్లేదు. ఆ జవాబుల్లో లోతైన బాధ కనిపిస్తే చాప్లిన్‌కు, అంటే శిక్షణ పొందిన ఆధ్యాత్మిక సేవకులకు అప్పగించాలి. ఈ రెండు అంచెలనూ ప్రణాళికలో విడివిడిగా రాయండి, లేకపోతే "అది చాప్లిన్ పని" అని అందరూ వదిలేస్తారు.

ప్రశ్నలకు ఎఫ్‌ఐసీఏ పద్ధతి బాగుంటుంది. క్రిస్టీనా పుఖల్‌స్కీ అనే వైద్యురాలు 1996లో సహచరులతో కలిసి తయారు చేసినది. విశ్వాసం, దాని ప్రాధాన్యం, తోడుగా ఉండే సముదాయం, సంరక్షణలో మనం చేయాల్సింది, ఇవి దాని నాలుగు మెట్లు. పుస్తక భాషలో అడిగితే పరీక్ష పెట్టినట్టుంటుంది. మంచం పక్కన ఇలా అడగొచ్చు:

"కష్టం వచ్చినప్పుడు మీరు దేన్ని పట్టుకుని నిలబడతారు?"
"ఇప్పుడు ఈ జబ్బులో అది మీకు ఆసరాగా ఉందా, దూరమైనట్టుందా?"
"ఎవరి గొంతు వింటే మీకు నిబ్బరంగా ఉంటుంది?"
"ఈ విషయంలో మేం తప్పకుండా చేయాల్సింది ఏమిటి? చేయకూడనిది ఏమిటి?"

"మీ మతం ఏమిటి?" అని మాత్రం మొదలుపెట్టకండి. ఒక్క మాట జవాబు వస్తుంది, సంభాషణ అక్కడితో ఆగిపోతుంది. పైగా "నేను పోతున్నానని చెప్పడానికే అడుగుతున్నారు" అని రోగి బెదిరిపోతారు. "ఇక్కడ చేరిన అందరినీ ఇవి అడుగుతాం" అని ముందే చెప్తే ఆ భయం సగం తగ్గుతుంది.

ఆయాసపడేవాళ్ళ విషయం. ముందు ఆయాసానికి మందు, తర్వాతే మాట. నోటి ద్వారా ఇచ్చే మామూలు మార్ఫిన్ పనిచేయడానికి అరగంట పడుతుంది, గంటకు దాని బలం పూర్తిగా అందుతుంది. ఆ గంటనే సంభాషణకు వాడుకోండి. ప్రశ్నలను అవును-కాదు రూపంలోకి మార్చండి: "ప్రార్థన చేయించమంటారా?", "ఇంట్లోవాళ్ళతో చెప్పాల్సిన మాట ఏమైనా మిగిలిపోయిందా?", "ఏదైనా భయం పీడిస్తోందా?" అవునంటే కళ్ళు ఒకసారి మూయమనండి, కాదంటే రెండుసార్లు. ఒక విడతకు మూడు ప్రశ్నలు చాలు. పెద్ద అక్షరాలతో రాసిన అట్టలు ఉంటే మాస్కుల వెనక నుంచి అరవాల్సిన పని ఉండదు. కళ్ళజోడు, వినికిడి యంత్రం రోగి దగ్గరే ఉన్నాయా అన్నది చేరేటప్పుడే చూసుకోండి. అవి ఇంట్లో ఉండిపోతే మన పెదాలూ కనిపించవు, మాటా వినిపించదు. ఇక ఏ సేవా అందదు.

ఆధునిక ఉపశమన చికిత్సకు బాట వేసిన బ్రిటిష్ వైద్యురాలు సిసిలీ సాండర్స్ 1960లలో "సంపూర్ణ వేదన" అన్న ఆలోచన ఇచ్చారు. శరీరం, మనసు, సామాజిక బంధాలు, ఆత్మ, ఈ నాలుగింటి నొప్పీ ఒకదానిలో ఒకటి కలిసిపోయి ఉంటుందని దాని సారం. వార్డులో దీనికి రెండు వైపులా పదును ఉంది. "ఇంకా ఎందుకు బతికి ఉన్నాను" అన్న మాట వెనక ఆధ్యాత్మిక ప్రశ్నే ఉండక్కర్లేదు, తగ్గని ఆయాసమో మలబద్ధకమో మూత్రం నిలిచిపోవడమో ఉండొచ్చు, ముందు అవి చూడండి. అటువైపు నుంచి, మార్ఫిన్ మోతాదు పెరుగుతూ పోతున్నా ఉపశమనం కనిపించకపోతే చెప్పుకోని బాధ ఏదో ఉందేమో అడగండి.

మతం లేదన్నవాళ్ళకు హార్వీ చోచినోవ్ అనే కెనడా మనోవైద్యుడి ప్రశ్న ఒక్కటే చాలు: "మీకు మంచి సంరక్షణ ఇవ్వాలంటే ఒక మనిషిగా మీ గురించి మేం ఏం తెలుసుకోవాలి?" ఆ జవాబును రెండు మూడు వాక్యాల్లో రాసి, రోగికి చదివి వినిపించి, ఆయన అనుమతితో మంచం తల వైపు అతికించండి. పీపీఈ వేసుకుని లోపలికి వచ్చే ప్రతి కొత్త మనిషికీ రోగి ఎవరో అప్పుడు తెలుస్తుంది. ఈయనదే "గౌరవ చికిత్స" అనే పద్ధతి ఉంది. రోగి జీవితంలో ముఖ్యమైనవి, తనవాళ్ళకు చెప్పాలనుకున్నవి అడిగి, రికార్డు చేసి, రాసి, సరిదిద్ది కుటుంబానికి అందే పత్రంగా చేస్తారు. 2005లో 100 మంది రోగులతో చేసిన అధ్యయనంలో 91 శాతం మంది సంతృప్తి చెప్పారు. పూర్తి పద్ధతికి అరగంట నుంచి గంట మాట్లాడే ఓపిక కావాలి, అది అందరికీ ఉండదు. ఓపిక లేనివాళ్ళకు రెండే ప్రశ్నలు వేసి 5 నిమిషాల ఆడియో తీయండి: "మీవాళ్ళు మీ గురించి ఏం గుర్తుంచుకోవాలి?", "వాళ్ళకు ఏం చెప్పాలి?" అదీ తొలి రెండు రోజుల్లోనే.

పడక_పక్కన:

పైన రాసినదంతా సరే. క్రతువుల గురించి నేను చెప్తాను.

మతాల జాబితా వేసుకుని ఒక్కో మతానికి ఒక్కో పేజీ రాయడం చాలామంది చేసే పని. రాత్రి రెండు గంటలకు ఆ పేజీలు ఎవరూ తిరగేయరు. దాని బదులు పనిని బట్టి విడదీయండి: గొంతుతో జరిగేవి, చేత్తో జరిగేవి, ఫలానా మనిషే చేయాల్సినవి.

గొంతుతో జరిగేవే ఎక్కువ. గ్రంథ పఠనం, మంత్రం, నామస్మరణ, కలిమా (ముస్లింల విశ్వాస వాక్యం) చదివి వినిపించడం, బౌద్ధ పారాయణ, ప్రార్థన, వీటిలో చాలావాటిని ఫోన్ స్పీకరులో వినిపించవచ్చు. కలిమా వినిపించడానికి ఇమామే ఉండాలన్న నియమం లేదు. యూదుల చివరి క్షమాపణ ప్రార్థనను రోగి పలకలేనప్పుడు వేరొకరు ఆయన తరఫున చదవొచ్చు. కుటుంబం గొంతుతో 3 నుంచి 5 నిమిషాల రికార్డింగు ముందే తెప్పించుకుని రోగి పేరుతో దాచిపెట్టండి. అర్ధరాత్రి నెట్ రాకపోయినా అది పలుకుతుంది.

చేత్తో జరిగేవి నుదుటిన ఏదైనా రాయడం, పెదవులకు తీర్థం తాకించడం, పూసలు చేతిలో పెట్టడం వంటివి. ఇవి నర్సు చేయొచ్చు. రోగికో కుటుంబానికో ఇష్టమేనా అని అడగాలి. ఆ నర్సుకు మనస్కరించకపోతే బలవంతం వద్దు, వేరొకరు చేస్తారు.

మూడో రకం, ఫలానా మనిషే చేయాల్సినవి. కాథలిక్ తైలాభ్యంగనం, అంటే రోగికి పవిత్ర తైలం రాసే సంస్కారం, గురువే చేయాలి. పాపసంకీర్తనం, అంటే గురువు ముందు పాపాలు ఒప్పుకోవడం, ఫోన్‌లో చెల్లదు. అలాగని రోగికి ఏమీ లేదని కాదు. 2020 మార్చి 20న వాటికన్ విడుదల చేసిన ఆదేశంలో కోవిడ్ రోగులకు, వాళ్ళను చూసుకునేవాళ్ళకు పరిపూర్ణ దండవిమోచనం (పాపాలకు మిగిలిన శిక్ష పూర్తిగా తొలగింపు) ఇచ్చారు. సంస్కారం అందుకోలేని రోగుల కోసం చర్చి అంతా ప్రార్థిస్తోందని కూడా అందులో ఉంది. ఈ సంగతి గురువు నోట ఫోన్‌లో వింటే "సంస్కారం లేకుండా పోతున్నాను" అన్న బెంగ తగ్గుతుంది. గురువు రాగలిగితే తైలాన్ని వేలితోనే రాయాలని పట్టు లేదు, బలమైన కారణం ఉంటే సాధనంతో రాయడానికి చర్చి చట్టమే ఒప్పుకుంటుంది. దూదిపుల్ల వాడి అక్కడే పారేస్తారు.

ఇక ప్రమాదాలు. వీటిని ప్రణాళికలో ఎర్ర అక్షరాలతో రాయండి.

ఆక్సిజన్ ఉన్నచోట దీపం, కొవ్వొత్తి, అగరుబత్తి వద్దు. మంటకూ ఆక్సిజన్‌కూ మధ్య కనీసం 3 మీటర్లు ఉండాలంటారు, వార్డులో అంత ఎడం దొరకదు. బ్యాటరీ దీపం పెట్టండి. దుప్పటిలోనూ జుట్టులోనూ ఆక్సిజన్ నిలిచి ఉంటుంది కాబట్టి "ఒక్క నిమిషం గొట్టం తీసి వెలిగిద్దాం" అన్నది కూడా ప్రమాదమే.

ముఖానికి ఆక్సిజన్ మాస్కు ఉంటే నూనె, పెట్రోలియం జెల్లీ లాంటివి ముక్కు చుట్టూ రాయకూడదు. కాలే గుణం ఉన్నవి, పైగా మాస్కు అంచు జారి గాలి కారిపోతుంది. పవిత్ర తైలమైతే ఒక్క చుక్క, నుదుటి పైభాగానో అరచేతిలోనో.

తీర్థం నోట్లో పోయకూడదు. మింగే శక్తి తగ్గిన మనిషికి చెంచాడు నీళ్ళు కూడా ఊపిరితిత్తుల్లోకి వెళ్ళి ఉక్కిరిబిక్కిరి చేస్తాయి. స్పాంజి పుల్లను తడిపి, పిండి, పెదవులకు, నాలుక కొసకు అద్దండి. కుటుంబానికి కెమెరాలో అది కనిపించేలా చేయండి. చూశామన్న తృప్తి వాళ్ళకు చాలా పెద్దది.

మంచం చుట్టూ చేరి గొంతెత్తి పాడటం, భజన వద్దు. 2020 మార్చిలో అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో ఒక గాయక బృందం సాధనకు 61 మంది వస్తే 53 మందికి జబ్బు వచ్చిందని లెక్క తేలింది, ఇద్దరు చనిపోయారు. పాటను రికార్డింగుగా వినిపించండి, గదిలోవాళ్ళు మాస్కుతో మెల్లగా పలకండి, కిటికీ తీసి ఉంచండి.

మతగురువుకు లోపలికి అనుమతి ఇస్తే ఎన్95 మాస్కు ముఖానికి సరిగ్గా అతుక్కుంటుందో లేదో చూసే బిగింపు పరీక్ష ముందే జరగాలి. గడ్డం ఉంటే ఆ మాస్కు చర్మానికి అతుక్కోదు, గాలి పక్కల నుంచి వస్తుంది. గడ్డం మతధర్మం అయినవాళ్ళు చాలామంది ఉంటారు కదా, వాళ్ళకోసం మోటారుతో గాలి వడకట్టే వదులు తలతొడుగు ఒకటైనా కొని ఉంచండి. అది లేకపోతే ఆయన్ని గుమ్మం బయట నిలబెట్టి, రోగి చెవి దగ్గర ఫోన్ పెట్టి చదివించండి.

గ్రంథాలు, పూసలు, పటాలు లోపలికి వెళ్ళినవి రోగితోనే ఉండాలి, మంచం మార్చి మంచానికి తిప్పకూడదు. వార్డు తరఫున ఇచ్చేవైతే తుడవడానికి వీలైన ప్లాస్టిక్ పొర వేసిన కార్డులు మేలు. ప్రయోగశాల పరిస్థితుల్లో కోవిడ్ వైరస్ ప్లాస్టిక్ మీద 72 గంటల వరకు, అట్ట మీద 24 గంటల వరకు కనిపించింది. అయితే అసలు వ్యాప్తి గాలి ద్వారానే, కాబట్టి ఇంటి నుంచి వచ్చిన చిన్న పటాన్ని పూర్తిగా నిషేధించేంత భయం అక్కర్లేదు.

ఒక విన్నపం. చాప్లిన్‌ను "సందర్శకుల" జాబితాలో వేయకండి. సిబ్బంది జాబితాలో వేయండి. సందర్శకుడైతే తలుపు మూసిన రోజే ఆయనా బయట ఉండిపోతారు.

రాత్రి_డ్యూటీ:

వీడియో కాల్ ఎక్కడ చెడుతుందో చెప్తాను. చాలావరకు ఏర్పాటులోనే చెడుతుంది.

ఫోన్‌ను రోగి ఛాతీ మీద పెడితే అవతలివాళ్ళకు సీలింగు, ముక్కుపుటాలు కనిపిస్తాయి. స్టాండు కావాలి, కళ్ళ ఎత్తులో, 30-40 సెంటీమీటర్ల దూరంలో. వెలుతురు రోగి ముఖం మీద పడాలి, వెనక కిటికీ ఉంటే ముఖం నల్లగా కనిపిస్తుంది. ఎక్కువ వేగంతో వచ్చే ఆక్సిజన్ హోరుకు స్పీకరు వినపడదు, రోగి చెవి దగ్గర చిన్న స్పీకరో హెడ్‌ఫోనో పెట్టాలి. ఫోన్‌ను జిప్ ఉన్న పారదర్శక సంచిలో పెట్టండి. తెర పనిచేస్తుంది, వాడాక 70 శాతం ఆల్కహాల్ గుడ్డతో తుడవొచ్చు. సంచిలో గొంతు మందగిస్తుంది, అందుకే ముందు ఒకసారి మనమే పరీక్షించుకోవాలి. వార్డుకు ఒక్క ఫోనే ఉంటే అది ఎప్పుడూ ఎవరికో కావాల్సి ఉంటుంది. 12 పడకలకు కనీసం రెండు, ఒక పవర్‌బ్యాంకు.

రెండోది కుటుంబాన్ని సిద్ధం చేయడం. కాల్ కలిపే ముందు మామూలు ఫోన్‌లో రెండు నిమిషాలు మాట్లాడండి. "ముఖానికి మాస్కు ఉంది, ముఖం కాస్త ఉబ్బింది, కళ్ళు మూసే ఉండొచ్చు, గురక లాంటి శబ్దం వస్తుంది, అది ఆయనకు బాధ కాదు." పిల్లలు చూడాలా వద్దా అన్నది వాళ్ళే తేల్చుకోవాలి, ఆ ప్రశ్న మనం ముందు అడగాలి. ఒక్కసారిగా 15 మంది చేరితే అందరూ ఏడుస్తారు, ఎవరి మాటా వినపడదు. ఒకరు మాట్లాడాక ఒకరు. మొత్తం 10-15 నిమిషాలు.

ఏం మాట్లాడాలో తెలియక "తిన్నావా, మందులేసుకున్నావా" దగ్గరే ఆగిపోతారు. ఉపశమన చికిత్సలో చాలాకాలంగా వాడుతున్న నాలుగు మాటలు ఉన్నాయి: నన్ను క్షమించు, నిన్ను క్షమించాను, నీకు రుణపడి ఉన్నాను, నువ్వంటే నాకు ప్రాణం. వీటిని ఇంట్లోవాళ్ళకు ముందే మెసేజ్‌లో పంపండి, వాళ్ళ యాసలో వాళ్ళు చెప్పుకుంటారు.

రోగి పలకకపోతే "ఇక వినపడదులెండి" అని ఎవరూ అనకూడదు. 2020లో బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయ పరిశోధకులు హాస్పిస్ (చివరి దశ రోగుల సంరక్షణ కేంద్రం) రోగుల మెదడు తరంగాలు చూశారు. స్పందన లేని స్థితిలో కూడా కొందరి మెదడు శబ్దాలకు స్పందించింది. అందరికీ అంతే అని చెప్పలేం, అర్థమవుతోందనీ రుజువు కాలేదు. మాట్లాడటానికి అయితే అది చాలినంత కారణం.

అయోమయంలో, ఉలికిపాటులో ఉన్న రోగికి తెర మీద కదిలే ముఖాలు భయం పుట్టిస్తాయి. అప్పుడు వీడియో వద్దు, తెలిసిన గొంతు ఒక్కటి మెల్లగా వినిపించండి.

కాల్ ముగిశాక ఫోన్ టక్కున పెట్టేయకూడదు. రోగి దగ్గర నుంచి పక్కకు వచ్చి, కుటుంబంతో ఒక్క నిమిషం మాట్లాడి, మళ్ళీ ఎప్పుడు ఫోన్ చేస్తామో సమయం చెప్పి పెట్టండి. చెప్పిన సమయానికి చేయండి.

ఇంకొకటి, తేలికైనది. 2014-15లో ఎబోలా సమయంలో మేరీ బెత్ హెఫర్నన్ అనే కళాకారిణి లైబీరియాలో మొదలుపెట్టిన పద్ధతి: సిబ్బంది తమ నవ్వుముఖం ఫోటోను పీపీఈ గౌను మీద ఛాతీ దగ్గర అతికించుకుంటారు. కోవిడ్‌లో మళ్ళీ వాడుకలోకి వచ్చింది. రోజంతా కళ్ళద్దాల ముసుగులే చూసే మనిషికి ఒక ముఖం కనిపిస్తుంది.

వార్డు_సమన్వయం:

అందరికీ ధన్యవాదాలు. మా వాక్యం తీసేశాం, గడి పెట్టేశాం. ఇప్పుడు ఒక గట్టి ప్రశ్న. "నా వల్లే ఇంట్లోవాళ్ళకు అంటింది" అని కుమిలిపోయే రోగికి ఏం చెప్పాలి? భార్యో భర్తో వేరే వార్డులో చనిపోయిన సంగతి రోగికి తెలియకపోతే? కుటుంబం "చెప్పొద్దు" అని ప్రాధేయపడుతుంది.

ఉపశమన_వైద్యం:

మొదటిది. "అయ్యో, మీ తప్పేం లేదు" అని వెంటనే అనేస్తాం. అలా అంటే రోగికి నోరు మూయించినట్టు అవుతుంది, అపరాధ భావం లోపలే ఉండిపోతుంది. ముందు అడగండి: "ఏం జరిగిందని మీ మనసు చెప్తోంది?" పూర్తిగా విన్నాక వాస్తవం చెప్పండి. లక్షణాలు మొదలు కాకముందే కోవిడ్ వైరస్ ఇతరులకు వ్యాపించగలదు, అంటించే సమయానికి మీకు జబ్బు ఉందని మీకే తెలియకపోయి ఉండొచ్చు. ఆ తర్వాత "ఎవరితో ఈ మాట చెప్పుకుంటే బరువు దిగుతుంది?" అని అడగండి. కొందరికి అది దేవుడు, కొందరికి కొడుకు. ఇంట్లోవాళ్ళ నోట "నీ మీద మాకు కోపం లేదు" అన్న మాట వినిపించగలిగితే మన పది ఓదార్పుల కన్నా ఎక్కువ పనిచేస్తుంది. శిక్ష అనుభవించాలనుకుని నొప్పి మందు వద్దనేవాళ్ళూ ఉంటారు. మందు నిరాకరణ వెనక ఈ కారణం ఉందేమో తప్పక చూడండి. అది చాప్లిన్‌కు, రోగి మతగురువుకు అదే రోజు అప్పగించాల్సిన విషయం.

రెండోది కష్టమైనది. మూడు నియమాలు రాసుకోండి. అబద్ధం చెప్పకూడదు. అడగని మనిషి మీద నిజాన్ని కుమ్మరించకూడదు. ఫోన్‌లో ఎవరో నోరుజారితే తెలిసే పరిస్థితి రానివ్వకూడదు. మూడోదే ఎక్కువగా జరిగే ప్రమాదం, కాబట్టి మరణం సంభవించిన గంటల్లోనే రెండు వార్డులూ కుటుంబంలో ఒకరూ కలిసి ఒక నిర్ణయానికి రావాలి: ఎవరు చెప్తారు, ఎప్పుడు, పక్కన ఎవరుంటారు. అంతవరకు కేసు షీటులో గుర్తు పెట్టాలి. ఆ గుర్తు లేకే షిఫ్టు మారగానే కొత్త నర్సు "మీ ఆవిడ పోయినందుకు..." అని మొదలుపెడుతుంది.

రోగి "ఆమె ఎలా ఉంది?" అని అడిగితే, "మీకు ఏమనిపిస్తోంది?" అని ఒకసారి అడగండి. చాలామందికి లోపల తెలిసే ఉంటుంది. "నిజం చెప్పు" అంటే చెప్పాలి, చిన్న వాక్యాల్లో, "చనిపోయారు" అన్న మాటతోనే. "వెళ్ళిపోయారు" అంటే డిశ్చార్జి అయ్యారనుకునే అవకాశం ఉంది. చెప్పాక 15 నిమిషాలైనా గది వదలకండి. కుటుంబం వద్దంటే వాళ్ళ భయం ఏమిటో అడగండి. సాధారణంగా "తెలిస్తే ఆ బాధకే పోతాడు" అంటారు. "మేం అబద్ధం చెప్పం, అడగకుండా చెప్పం, అడిగితే మీలో ఒకరు ఫోన్‌లో ఉండగా చెప్తాం" అన్న మాటకు ఎక్కువమంది ఒప్పుకుంటారు. తెలుసుకున్న మనిషి భార్య కోసం ప్రార్థించుకోగలడు, పిల్లలతో కలిసి ఏడవగలడు. దాచితే ఆ రెండూ ఆయనకు దక్కవు.

వియోగ_సహాయం:

మరణం తర్వాతి భాగం ఎవరూ రాయలేదు కాబట్టి నేను రాస్తాను. ముందుగా కడచూపు. 2020 సెప్టెంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం కోవిడ్ మృతదేహాన్ని కుటుంబం చూడొచ్చు. తాకకూడదు, ముద్దు పెట్టుకోకూడదు, చూశాక చేతులు కడుక్కోవాలి. "ఎవరూ చూడకూడదు" అన్న కట్టడి చాలాచోట్ల భయంతో వచ్చింది, అవసరంతో కాదు. కొత్త వ్యాధి వేరేలా ఉండొచ్చు, అందుకే మీ ప్రణాళికలో "చూడటానికి వీల్లేదు" అని కాకుండా "ఆ వ్యాధి మార్గదర్శకాలు ఒప్పుకున్నంత దూరంలో చూపించాలి" అని రాయండి. ముఖం కనిపించేలా ఉంచండి, అదీ కుదరకపోతే ఫోటో తీసి, వాళ్ళు కావాలన్నప్పుడే ఇవ్వండి. స్నానం చేయించడం కుదరని పరిస్థితిలో ముస్లింలకు తయమ్ముం అనే పొడి శుద్ధి ఉంది. చేతిగుడ్డలు, గ్లౌజులతో సిబ్బంది చేయాల్సి వస్తే ఇమాం ఫోన్‌లో చెప్తుంటే చేయొచ్చా అని ఆయన్నే అడగండి, మనం ఊహించి చేయకూడదు.

అసలు ఒకరికైనా లోపల ఉండే వీలు ఇవ్వడం గురించి. మరణం రోజుల్లో ఉందని తెలిసినప్పుడు పీపీఈతో ఒక్క మనిషిని, వీలైతే మార్చి మార్చి ఇద్దరిని రానివ్వండి. "చివరి గంటల్లో రానిస్తాం" అని రాయొద్దు. చివరి గంట ఏదో ముందే చెప్పగలిగినవాళ్ళు లేరు, ఫోన్ వెళ్ళి వాళ్ళు బయలుదేరి, గౌను వేసుకునేసరికి అయిపోతుంది. "రోజుల్లో" అన్న మాట రాసుకుంటే సమయం మిగులుతుంది.

చనిపోయిన సంగతి ఫోన్‌లో చెప్పేవాళ్ళు ఆ రోగిని చూసినవాళ్ళై ఉండాలి. కుటుంబం మూడు అడుగుతుంది: నొప్పి పడ్డాడా, ఒంటరిగా ఉన్నాడా, ఏమైనా అన్నాడా. ఈ మూడింటికీ జవాబు కేసు షీటులో ఉండాలి. అందుకే చివరి రోజు ఎవరు పక్కన ఉన్నారు, ఏ ప్రార్థన వినిపించారు, ఏ సమయానికి అన్నది రెండు వాక్యాలు రాయించండి. లేనిది ఉన్నట్టు మాత్రం చెప్పకండి. ఒంటరిగా పోయి ఉంటే "అరగంట ముందు నర్సు చూసి వచ్చారు, నిద్రలో ఉన్నారు" అన్న నిజమే చెప్పండి.

తర్వాత ఫోన్లు: మరణించిన రోజు, రెండు వారాలకు, రెండు నెలలకు, ఆరు నెలలకు. ఆరు నెలలు దాటాక కూడా రోజువారీ పనులు చేయలేనంత వియోగ బాధ ఉంటే ఐసీడీ-11 (ప్రపంచ ఆరోగ్య సంస్థ వ్యాధుల వర్గీకరణ) దాన్ని దీర్ఘకాలిక వియోగ రుగ్మతగా పరిగణిస్తుంది, డీఎస్‌ఎమ్ (అమెరికా మనోవైద్యుల సంఘం వర్గీకరణ) పెద్దలకు 12 నెలలు అంటుంది. కర్మకాండ పూర్తిగా జరపలేకపోయామన్న బెంగ ఉన్నవాళ్ళకు, ఆంక్షలు ఎత్తేశాక ఒక స్మరణ సభ జరుపుకోవచ్చని చెప్పండి. ఆలస్యమైనా చేసుకోవచ్చో లేదో వాళ్ళ గురువునే అడగమనండి. చాలా సంప్రదాయాల్లో దారి ఉంటుంది, అడగకపోవడం వల్లే తెలియదు.

ఇళ్ళకు వెళ్ళే బృందం గురించి ఒక్క మాట. ఇంట్లో మనుషులు ఉంటారు కాబట్టి ఒంటరితనం తక్కువ, దీపం వెలిగించే అలవాటు ఎక్కువ. ఆక్సిజన్ యంత్రం దించిన రోజే పూజగది ఎటుందో, ప్రార్థన ఎక్కడ చేస్తారో చూసి యంత్రాన్ని దూరంగా పెట్టించండి.

రాత్రి_డ్యూటీ:

సిబ్బంది కోసం కూడా ఒక గడి పెట్టండి. వర్జీనియా విశ్వవిద్యాలయ ఆసుపత్రిలో జొనాథన్ బార్టెల్స్ అనే నర్సు మొదలుపెట్టిన "విరామం" అనే పద్ధతి ఉంది. మరణం తర్వాత గదిలో ఉన్నవాళ్ళంతా నిమిషం పాటు మౌనంగా నిలబడతారు. ముందు ఒకరు రెండు వాక్యాలు చెప్తారు: ఈయన ఒకరికి తండ్రి, ఒకరికి స్నేహితుడు, మనం చేయగలిగింది చేశాం. ప్రార్థన పేరు ఎత్తరు, ఎవరి నమ్మకం వాళ్ళది. మరణాలు వరసగా వస్తున్నప్పుడు ఆ నిమిషమే ముందు ఎగిరిపోతుంది, కాబట్టి శరీరాన్ని కదిపే ముందు చేయాల్సిన పనుల పట్టీలో దాన్ని మొదటి పనిగా రాయండి.

వార్డు_సమన్వయం:

మంచం పక్కన పెట్టే కార్డు ఇలా వేశాం, చూసి చెప్పండి.

1. పిలవాల్సిన పేరు
2. నన్ను నిలబెట్టేది
3. వినాలనుకునే గొంతు, ఫోన్ నంబరు
4. ప్రార్థన/పఠనం: ఏది, ఏ భాషలో, రోజుకు ఎన్నిసార్లు
5. మతం, మతగురువు నంబరు
6. చనిపోయాక చేయాల్సినవి, చేయకూడనివి
7. రికార్డింగు ఉందా, ఏ ఫోన్‌లో

పడక_పక్కన:

బాగుంది. మూడు మార్పులు. 3, 5 గళ్ళలో రెండేసి నంబర్లకు చోటు ఇవ్వండి. మహమ్మారిలో ఆ గురువు కూడా జబ్బుపడి ఉండొచ్చు, ఆ కూతురూ వేరే ఆసుపత్రిలో ఉండొచ్చు. 4లో "వద్దు" అన్న ఎంపిక స్పష్టంగా అచ్చు వేయించండి, ఖాళీ వదిలితే అడగలేదో వద్దన్నారో తెలియదు. 6వ గడి రోగి కళ్ళ ముందు ఉండకూడదు, దాన్ని కేసు షీటులోకి మార్చండి. మంచం దగ్గర కార్డు వెనక తేదీ వేసి, మూడు రోజులకోసారి మళ్ళీ అడిగి సంతకం పెట్టండి. మొదటి రోజు ప్రార్థన వద్దన్నవాళ్ళు నాలుగో రోజు అడుగుతారు, అడిగినవాళ్ళు వద్దంటారు కూడా.